కోతయ్యాక మిగిలింది ఎవరిది?

చెల్లీ, ఈసారి చీరల కబుర్లూ పండగ పిండివంటలూ పక్కన పెట్టి నిన్నొక మాట అడగాలనుంది. మీ పెరట్లో మునగచెట్టు ఉందనుకో. మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి కొమ్మకొమ్మకీ కాయ వేలాడుతుంది. వండుకున్నన్ని వండుకుంటావు. ఎదురింటి పిన్నిగారికి నాలుగు, పనమ్మాయికి నాలుగు ఇస్తావు. ఆ తర్వాత? కాయ ముదిరి, ఎండి, చెట్టుమీదే పగిలిపోతుంది. జామచెట్టయితే మరీ అన్యాయం. చిలకలు కొరికినన్ని కొరగ్గా మిగతావి కిందపడి కుళ్ళి ఈగలు ముసురుతుంటే, చీపురు పెట్టి ఊడ్చి చెత్తబండిలో వేసేస్తాం. ఆ వీధి చివరే అంగన్‌వాడీలో ఆయమ్మ ఇవాళ పప్పులోకి ఏం వెయ్యనా అని బుట్ట వెతుక్కుంటూ ఉంటుంది.

తిండి వృథా అనగానే మనకి పెళ్ళిభోజనాలే గుర్తొస్తాయి. విస్తట్లో వదిలేసిన లడ్డూ, గుండిగల్లో మిగిలిపోయిన పులిహోర. దాని గురించి కొంత మేలుకున్నాం. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్‌హుడ్ ఆర్మీ వంటి యువకుల బృందాలు మన ఊళ్ళకీ వచ్చాయి. ఫోను చేస్తే వచ్చి, మిగిలిన అన్నం పట్టుకెళ్ళి ఆకలిగా ఉన్నవాళ్ళకి పంచుతున్నారు. చల్లగా ఉండాలి ఆ పిల్లలు. నేనివాళ చెప్పేది ఇంకా పొయ్యి ఎక్కని తిండి సంగతి. చేలో, తోటలో, సంతలో, పెరట్లో తాజాగా ఉండగానే మట్టిపాలయ్యే కూరా, పండూ. దాని కోసం ఫోను చేసేవాళ్ళూ తక్కువే, వచ్చేవాళ్ళూ తక్కువే.

మన పల్లెల్లో దీనికి ఎప్పటినుంచో ఒక ఏర్పాటు ఉండేది. పరిగ. నీకు గుర్తుందో లేదో, మీ అమ్మమ్మని అడుగు, చెబుతుంది. వరి కోసి, పనలు కట్టి, కుప్ప వేసేశాక చేలో అక్కడక్కడా వెన్నులు మిగిలిపోతాయి. కొడవలికి తప్పించుకున్నవి, పనలు మోస్తుంటే జారినవి, గట్టు వారన పడినవి. వాటిని రైతు ఏరుకునేవాడు కాదు. ఏరుకుంటే ఊళ్ళో చులకన. కూలికెళ్ళే ఆడవాళ్ళు, ముసలమ్మలు, పిల్లలు చేలో దిగి, కొంగు నడుముకి దోపుకుని వంగిన నడుం ఎత్తకుండా ఏరుకునేవారు. మోళ్ళు అరికాళ్ళకి గుచ్చుకునేవి. పొద్దువాలేసరికి ఒడినిండా వెన్నులు. ఇంటికొచ్చి కాళ్ళతో నలిపి, చేటతో చెరిగి, రోట్లో దంచుకుంటే ఆ పూటకి గంజీ అన్నమూ. రాయలసీమలో వేరుశనగ పీకేశాక మట్టిలో తెగి ఉండిపోయిన కాయల్ని ఇలాగే చిన్న పుల్లతో తవ్వి ఏరుకునేవారు. కొన్ని తిని, కొన్ని అమ్మి, పిల్లలకి పలకా బలపం కొన్న తల్లులున్నారు.

ఇందులో నాకు నచ్చింది ఒకటుంది చెల్లీ. పరిగ ఏరుకునే మనిషి ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాచి నిలబడలేదు. దానం పుచ్చుకున్నానన్న మాట పడలేదు. తన చేత్తో ఏరుకుంది, తన నెత్తిమీద మోసుకుపోయింది. రైతు కూడా పెట్టానని చెప్పుకోలేదు. అది ఊరి కట్టుబాటు, అంతే. పిచ్చుకలకే చూరుకి వరికంకుల కుచ్చు కట్టిన ఊళ్ళు మనవి. మనిషికి పట్టెడు వెన్నులు వదలకుండా ఉంటాయా?

భారతంలో, అశ్వమేధపర్వంలో, సక్తుప్రస్థుడనే బ్రాహ్మణుడి కథ వస్తుంది. కురుక్షేత్రంలో రాలిన గింజలు ఏరుకుని బతికే కుటుంబం. ఆయన, భార్య, కొడుకు, కోడలు. కరువు రోజుల్లో ఒకనాడు దొరికిన కాసిని యవలు పేలపిండి చేసుకుని నాలుగు భాగాలు పెట్టుకుని కూర్చుంటే అతిథి వచ్చాడు. ఆయన తన వంతు పెట్టాడు, ఆకలి తీరలేదు. భార్య తన వంతు ఇచ్చింది, తర్వాత కొడుకు, ఆఖరికి కోడలు. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకి సగం ఒళ్ళు బంగారమైంది. మిగతా సగం కూడా అవుతుందని అది ధర్మరాజు అశ్వమేధానికి వెళ్ళి పొర్లితే ఏమీ కాలేదు. ఈ యజ్ఞం ఆ పిండి పాటి చెయ్యదని అందరి ముందూ అనేసింది. ఈ కథ చెప్పేటప్పుడు దానం గొప్పతనం చెప్పి ఆపేస్తారు చాలామంది. పెట్టినవాళ్ళే పరిగ ఏరుకుని బతికేవాళ్ళన్నది నేను మాత్రం వదలను. ఆకలి తెలిసినవాళ్ళకి పెట్టడమూ తెలుసు.

చర్చికి వెళ్ళే చెల్లెళ్ళకి రూతు కథ నేను చెప్పక్కర్లేదు. భర్త పోయినా అత్తగారు నయోమిని విడవకుండా పరాయి దేశం వచ్చి, బోయజు పొలంలో యవల పరిగ ఏరుకుని ఆమెను పోషించిన కోడలు. పొలం అంచుల దాకా ఊడ్చి కోసుకోవద్దనీ, రాలినవి బీదలకీ పరదేశులకీ వదిలిపెట్టమనీ వాళ్ళ ధర్మశాస్త్రమే చెప్పింది. ఇంగ్లండు పల్లెల్లోనూ బీద ఆడవాళ్ళకి ఇదే ఆధారం. అయితే 1788లో టిమ్‌వర్త్ అనే ఊళ్ళో మేరీ హౌటన్ అనే ఆమె పరిగ ఏరుకున్నందుకు పొలం యజమాని కోర్టుకెక్కాడు. పరిగ ఏరడం ఎవరికీ చట్టమిచ్చిన హక్కు కాదని న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. తీర్పు వచ్చినా చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు ఏరడం మానలేదు. హక్కన్నది ఎంత తేలిగ్గా దయగా మారిపోతుందో చూడు.

మన దగ్గర కోర్టు అవసరం రాలేదు. వరికోత మిషన్లు వచ్చాయి. గంటల్లో చేను కోసి, అక్కడే నూర్చి, ధాన్యం ట్రాక్టరులో పోసేస్తాయి. రాలే గింజ మట్టిలో కలిసిపోతుంది, ఏరడానికి వెన్నంటూ ఉండదు. మిషను రైతుకి కూలి ఖర్చు తగ్గించింది, కాదనను. పరిగ మాత్రం పోయింది. రేషను బియ్యం వచ్చాయి కాబట్టి ఆ లోటు మనకి తెలియలేదు.

బియ్యానికి లోటు లేదు సరే, మరి కూర? చెల్లీ, నా మనసులో ఉన్న అసలు సంగతి ఇది. ఈ రోజుల్లో మన రెండు రాష్ట్రాల్లో ఆకలి చాలా ఇళ్ళలో అన్నం లేక కాదు, అన్నంలోకి కలుపుకునేది లేక. కంచం నిండా అన్నం ఉంటుంది. పక్కన కాస్త పచ్చడి, పల్చటి చారు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలూ 100 గ్రాముల పళ్ళూ కావాలంటోంది. రోజు కూలీ మీద బతికే ఇంట్లో నలుగురికీ లెక్క వేసి చూడు. రెండు కిలోల కూరలు, పళ్ళు. అదీ ప్రతిరోజూ! ఎక్కణ్ణించి తెస్తుంది ఆ తల్లి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగం మందికి పైగా. కూరలొక్కటే పెడితే అదంతా పోతుందని నేననను, దానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆకుకూర దొరకని కంచానికీ ఆ అంకెకీ సంబంధం లేదని ఎవరూ అనలేరు.

ఇటు చూస్తే, అదే కూర మన కళ్ళముందే రోడ్డుపాలవుతుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 200 రూపాయల దాకా వెళ్ళిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. చారులో టమాటా మానేసి చింతపండుతో సరిపెట్టుకున్నాం. అదే సెప్టెంబరు వచ్చేసరికి ధర పడిపోయి కర్నూలు జిల్లా రైతులు టమాటాలు రోడ్డు పక్కన పారబోసుకున్నారు. ఇది ఏదో ఒక్క ఏడు ముచ్చట కాదు. ధర పడినప్పుడల్లా రైతు వేసుకునే లెక్క ఒకటే. కోత కూలి, బాక్సుల ఖర్చు, బండి కిరాయి, మార్కెట్లో కమిషను. ఇవన్నీ కలిపితే వచ్చే డబ్బు కంటే ఎక్కువైతే కొయ్యడమే దండగ. గొర్రెల్ని తోలేస్తాడు, లేదా ట్రాక్టరు పెట్టి దున్నేస్తాడు. ధర బాగున్నప్పుడు కూడా నష్టం ఉంటూనే ఉంటుంది. నాబార్డు అనుబంధ సంస్థ 2022లో చేసిన అధ్యయనంలో కోత దగ్గర్నుంచి అమ్మకం దాకా దేశంలో పాడైపోయే టమాటా 11 శాతానికి పైగా, జామ 15 శాతం దాకా ఉంది.

రైతుబజారు మూసే వేళకి ఒకసారి వెళ్ళి చూడు చెల్లీ. పొద్దున్న కాదు, దీపాలు పెట్టాక. తోటకూర కట్టలు తలలు వాల్చేసి ఉంటాయి. నీళ్ళు చల్లి చల్లి గోనెపట్టా తడిసి ముద్దయిపోయి ఉంటుంది. ఆ వేళకి అడిగితే అమ్మే ఆవిడ ‘పది రూపాయలకి ఎన్ని కావాలంటే అన్ని తీసుకెళ్ళమ్మా, వెనక్కి మోసుకెళ్తే ఆటో కిరాయి కూడా రాదు’ అంటుంది. ఆమె లేచి వెళ్ళిపోయాక ఆ పక్కన కుప్పగా పోసి ఉన్నవి చేత్తో తిరగేసి చూడు. పైన నాలుగు టమాటాలు చితికి, నీరు కారి ఉంటాయి. ఆ నీరు తగిలి చుట్టూ ఉన్నవి జిగటగా ఉంటాయి. కుప్ప మొత్తం కుళ్ళిపోయిందనే అనిపిస్తుంది. తడిబట్టతో తుడిచి విడదీస్తే కింద గట్టివి బోలెడు. చిన్న మచ్చ ఉన్న వంకాయ, వంకర తిరిగిన దోసకాయ, ఒకపక్క ఎండ తగిలిన సొరకాయ. వండితే తేడా ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి ఆవులు కొన్ని తింటాయి, మిగతాది పారిశుద్ధ్య కార్మికులు లారీకెత్తుతారు.

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఆ చెత్తనే గ్యాసుగా, కరెంటుగా మార్చే ఏర్పాటు చేశారు. ఆ నగరంలోనే ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల సాంకేతికత అది. రోజుకి సుమారు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తారని 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో కూడా చెప్పారు. కుళ్ళినవాటికి అంతకంటే మంచి దారి లేదు. నేనడిగేదల్లా ఒక్కటే. తినడానికి పనికొచ్చేది ముందు వంటింటికి వెళ్ళాలి, ఆ తర్వాతే యంత్రానికి.

‘అక్కా, ఇదంతా ఎవరు చేస్తారు?’ అంటావు. తిరుమల వైపు చూడు. నిత్యాన్నప్రసాదానికి కూరగాయలు దాతలు లారీల్లో పంపుతారు. 1985లో మొదలైన ఆ అన్నదానం అంత పెద్ద ఎత్తున నడుస్తోందంటే అవతల ఎప్పుడూ వెలిగే పొయ్యి ఉంది, లెక్క చూసి దించుకునే మనిషి ఉన్నాడు కాబట్టే. పంపేవాడికి ఎవరికి చెప్పాలో, ఎప్పటికి చేర్చాలో తెలుసు. మన ఊళ్ళో లేనిది ఆ ముడే. కూర ఉన్నచోటుకి పొయ్యి సంగతి తెలియదు, పొయ్యి ఉన్నచోటుకి కూర సంగతి తెలియదు. మధ్యలో ఒక మనిషి కావాలి, ఒక బండి కావాలి.

ఆ మనిషి పొదుపు సంఘం చెల్లెలే అయితే బాగుంటుందని నా నమ్మకం. చాలా ఊళ్ళలో బడిలో మధ్యాహ్న భోజనం వండేది సంఘాల ఆడవాళ్ళే. ఎంత కూర ఎంతమందికి వస్తుందో వాళ్ళకి కళ్ళతోనే తెలుసు. ఏ ఇంట్లో ముసలమ్మ ఒంటరిగా ఉందో, ఏ ఇంట్లో బాలింత ఉందో కూడా వాళ్ళకే తెలుసు. దూరాన్నించి వచ్చే ఏ సంస్థకీ ఆ తెలివిడి రాదు.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. రైతు దగ్గర ఊరికే తీసుకోవద్దు. ధర లేక పంట వదిలేసిన రైతు కూడా ఆ ఏడు ఆకలికి దగ్గరగా ఉన్నవాడే. సంఘం తరఫున నలుగురు చందా వేసుకుని కనీసం కోత కూలీ, బండి ఖర్చూ ఇవ్వండి. లేదా మీరే చేలో దిగి కోసుకోండి, గట్లు తొక్కకుండా, మొక్కలు విరక్కుండా. ఉచితంగా పంచితే ధర ఇంకా పడిపోతుందని కొందరు రైతులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే కొనుక్కునే స్తోమతు ఉన్నవాళ్ళకి పంచకుండా, కొననే కొనలేని వంటిళ్ళకే చేర్చాలి. వృద్ధాశ్రమాలు, అనాథ పిల్లల ఇళ్ళు, ప్రభుత్వాసుపత్రిలో రోగులతో వచ్చి ఆవరణలో పడుకునే కుటుంబాల కోసం వండే సత్రాలు.

చేలో దిగేముందు ‘బాబాయ్, మందు ఎప్పుడు కొట్టావు?’ అని అడగడం మరిచిపోవద్దు. కొట్టి ఎక్కువ రోజులు కాకపోతే ఆ కూర ముట్టుకోవద్దు. బూజు పట్టిన వేరుశనక్కాయ ఒక్కటి కూడా పంచవద్దు. అందులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని పాడుచేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. పచ్చబడిన బంగాళాదుంపా పంచవద్దు. టమాటాలు కడిగి బుట్టలో వెయ్యొద్దు, తడి మీద తొందరగా కుళ్ళుతాయి. వండే ముందు కడుక్కోవచ్చు. ఆకుకూరని మాత్రం తడిగోనెలో చుట్టి అదేపూట పొయ్యి మీదికి చేర్చాలి. అరటిపళ్ళ గెల పక్కన పెట్టొద్దు, పళ్ళ నుంచి వచ్చే వాయువుకి ఆకు పసుపెక్కుతుంది. అన్నిటికీ మించి, నీ పిల్లలకి పెట్టలేనిది ఇంకొకరి పిల్లలకి పంపకు. పేదవాళ్ళు కదా, తింటార్లే అన్న మాట నోట్లోంచి వచ్చిన రోజు ఆ పని మానుకోవడమే మంచిది.

ఒక్కరోజే బండెడు వచ్చిపడితే కంగారు పడక్కర్లేదు, మన అమ్మల చేతుల్లో దానికి విద్య ఉంది. బాగా పండిన టమాటా ఆ పూట పప్పులోకి, పగిలినది వెంటనే పచ్చట్లోకి, గట్టివి రెండ్రోజులకి అట్టే పెట్టి, ఇంకా మిగిలితే కోసి ఉప్పు రాసి ఎండబెడితే ఒరుగులు. వానాకాలంలో కూర దొరకనప్పుడు ఆ ఒరుగులే పులుసు. దొండ, వంకాయ, గోరుచిక్కుడు ఒరుగులు మనింట్లో ఎప్పుడూ ఉండేవే కదా. మామిడిపళ్ళ రసం చాపల మీద పొరలు పొరలుగా పోసి తాండ్ర చేసే ఆత్రేయపురం మనకి దూరమేమీ కాదు. మునగాకు నీడన ఆరబెట్టి పొడి చేసి అంగన్‌వాడీకి ఒక డబ్బా ఇస్తే పిల్లల పప్పులో రోజూ ఒక చెంచా పడుతుంది.

చట్టం మాటేమిటంటావా? ఫ్రాన్సులో 2016 నుంచి పెద్ద సూపర్‌మార్కెట్లు తినదగిన సరుకు పారేసి పాడుచెయ్యకూడదు, ధర్మసంస్థలతో ఒప్పందం చేసుకుని ఇవ్వాలి. అమెరికాలో మంచి మనసుతో ఆహారం దానమిచ్చినవాళ్ళని కేసుల భయం నుంచి కాపాడే చట్టం 1996లోనే వచ్చింది. అక్కడ సొసైటీ ఆఫ్ సెయింట్ ఆండ్రూ అనే సంస్థ 1980ల నుంచీ వాలంటీర్లను పొలాల్లోకి తీసుకెళ్ళి, మిగిలిన దుంపలు, కూరలు కోయించి అన్నశాలలకి చేరుస్తోంది. అక్కడున్న మన తెలుగు చెల్లెళ్ళు ఎండాకాలం పెరట్లో పండించే సొరకాయలూ గోంగూరా ఇంట్లో చెల్లనప్పుడు దగ్గరి ఫుడ్‌బ్యాంకుని అడగండి, తాజా కూరలు తీసుకునేవి చాలానే ఉన్నాయి. మన దేశంలోనూ మిగులు ఆహారం సేకరించి పంచడానికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో నిబంధనలు తెచ్చింది. సంస్థ పెట్టి పెద్ద ఎత్తున చెయ్యాలనుకునేవాళ్ళు అవి చదువుకుని, నమోదు చేసుకుని మొదలుపెట్టండి. పెరటి జామకాయలు వీధి చివర ఇవ్వడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మన ఇళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్ళలో వృథా అయ్యే తిండి మనిషికి ఏడాదికి 55 కిలోలు. ఫ్రిజ్‌లో కింది అరలో మరిచిపోయిన కొత్తిమీర కట్ట కూడా అందులో ఉంటుంది. వారానికోసారి ఆ అర తీసి చూసుకుంటే మన వంతు కొంత తగ్గుతుంది. ఆ పని నీకు నేను చెప్పేదేముంది.

ఈ వారం మాత్రం నాకోసం ఒకటి చెయ్యి. మీకు దగ్గర్లో ఉన్న వృద్ధాశ్రమానికో, అంగన్‌వాడీకో, గుడి అన్నదాన సత్రానికో వెళ్ళి మూడు మాటలు కనుక్కో. తాజా కూరలు తెస్తే తీసుకుంటారా, వంట ఎన్ని గంటలకి మొదలుపెడతారు, ఎవరి ఫోనుకి చెప్పాలి. ఆ మూడూ ఒక కాగితం మీద రాసి, మీ రైతుబజారులో నీకు తెలిసిన ఇద్దరు ముగ్గురు అమ్మేవాళ్ళకి ఇయ్యి. మీ సంఘం సమావేశంలో చదువు. మీ ఊళ్ళో ఇప్పటికే ఈ పని చేస్తున్నవాళ్ళుంటే ఎలా చేస్తున్నారో, బండి ఎవరిస్తున్నారో, ఎక్కడ చిక్కు వస్తోందో నాకు వివరంగా రాయి. మిగతా చెల్లెళ్ళకి పనికొస్తుంది.

ఉంటాను,
మీ అక్కయ్య